అయిదో నంబరు మూత

తూముపల్లె పాళెం,
జమ్మలమడుగు తాలూకా,
6 మార్చి 1927

తమ్ముడు ఏసేపుకు,

ఆ అడవిలో నువ్వు పులివాత, జ్వరంవాత పడకుండా దేవుడు కాపాడాలని రోజూ అడుగుతున్నాను. నేను, నా కూతురు కృపమణి బాగానే ఉన్నాము.

నీ జాబు అందింది. అందింది అంటే నా చేతికి కాదు, ఎప్పటిలాగే ఉపదేశి లేవిగారి చేతికి. మన పాళెం నుంచి మొదటి మనిషి దూరదేశం పనికి పోయిన నాటి నుంచి ఉన్న మర్యాదే గదా, జాబు వస్తే ఆదివారం ఆరాధన అయినాక అందరి ముందర విప్పి చదవడం. నాకూ చదువు వచ్చు, నా తమ్ముడి జాబు నేను చదువుకుంటానని ఒకసారి అన్నాను. అందరూ నన్ను చూసిన చూపుకు మళ్లీ అనలేదు. కాబట్టి నీకు కాలికి గడ్డ లేచిన సంగతి నాకంటే ముందు వాకిట్లో కూర్చున్న ముసలమ్మలకు తెలిసింది. ముగ్గురు మూడు మందులు చెప్పినారు. మూడూ వద్దులే.

ఒక సంగతి నా బుర్రకు ఎక్కడం లేదు. మీ కంపెనీ వాళ్లు ఆవిరి యంత్రం పెట్టి మన చేలల్లో తొమ్మిది చోట్ల బోర్లు దింపినారు. బొగ్గు కోసమన్నారు. నల్లరాయి తప్ప ఏమీ దొరకలేదు. సర్దుకొని పోయినారు, నిన్నూ తీసుకొని పోయినారు. అంతవరకు సరే. ఏమీ దొరకని గుంతను మళ్లీ పనిగట్టుకొని పూడ్చడం ఎందుకు? పైన సిమెంటు మూత ఎందుకు? మూత మీద నంబరు ఎందుకు? మన పాళెం బావికి ఇరవై అడుగుల దూరంలో వేసిన అయిదో నంబరు బోరును పూడ్చింది నువ్వే గదా, నీకు తెలిసి ఉంటుంది. పెద్దూరి వాళ్లు కొందరు వచ్చి ఆ మూత చుట్టూ తిరిగి చూసి పోతున్నారు. కింద ఏమీ లేకపోతే అంత గట్టిగా ఎందుకు మూస్తారని వాళ్ల అనుమానం. నేనేమి చెప్పేది?

నాయన సమాధి మాత్రం తెల్లగా, నున్నగా ఎండకు మెరుస్తోంది. మన సమాధుల తోటలో సిమెంటు సమాధి అదొక్కటే. మిగతా మట్టి దిబ్బలను నక్కలు తవ్వుతాయి, వానకు అవి కరిగిపోతాయి. నాయన దగ్గరికి ఇక ఏ నక్కా రాదు. అయిదు బస్తాల సిమెంటు ఊరికే ఇచ్చిన మీ దొరకోసం ప్రతి ఆదివారం అందరం ప్రార్థన చేస్తున్నాము.

ఈ ఏడు బావి ముందే దిగింది. పోయిన ఏడు ఇదే నెలలో తొమ్మిదో మెట్టు మీద ఉన్న నీళ్లు ఇప్పుడు పన్నెండో మెట్టు కిందికి పోయినాయి. ఎండలు ఇంకా ముదరలేదు. అందరూ ఆశ్చర్యపోతున్నారు.

కాలు జాగ్రత్త.
నీ అక్క,
వరమ్మ

—

గోదావరి ఒడ్డు క్యాంపు,
నిజాం ఇలాకా,
22 మార్చి 1927

అక్క వరమ్మకు, కృపమణికి, చదివి వినిపిస్తున్న ఉపదేశి గారికి, వింటున్న పెద్దలందరికీ ఏసేపు వందనాలు.

కాలు తగ్గింది. ఇక్కడ నిజంగానే బొగ్గు ఉంది. బోరు కోసి తెచ్చే రాతి కడ్డీలు పైకి వస్తే చేతులు నల్లబడతాయి. పదిహేను బోర్లు అయినాయి.

అక్క అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. గుంత చేసి వదిలేయడం మా పనిలో తప్పు. భూమిలో నీళ్లు అరలు అరలుగా ఉంటాయి. బోరు ఆ అరలన్నిటినీ పొడుచుకుంటూ పోతుంది. దాన్ని మూయకపోతే పై అరలోని మంచినీళ్లు కిందికి జారిపోతాయి, లేదా కింది చెడ్డనీళ్లు పైకి వస్తాయి. రేపు ఇక్కడ గని తవ్వితే మూయని బోరు గుండా నీళ్లు విరుచుకుపడి లోపలి మనుషులు చచ్చిపోతారు. పశువు కాలు ఇరుక్కుంటుంది. అందుకని అడుగు నుంచి పైదాకా బంకమన్ను, సిమెంటు వేసి, కూరి, మూతపెట్టి, నేలను చదును చేసి, మళ్లీ దున్నుకొనేటట్లు రైతుకు అప్పగించాలి. ఇది మా మేస్త్రీ చెప్పిన నియమం. కింద నిధి ఏమీ లేదు. పెద్దూరి వాళ్లకు కూడా ఇది చెప్పండి.

అక్కా, నాకు కొన్ని సంగతులు కావాలి. బావిలో నీళ్లు దిగడం ఏ నెలలో మొదలైంది? అయిదో నంబరు మూత పగిలిందా? మూత చుట్టూ నేల కుంగిందా? మూతకు చెవి ఆనిస్తే లోపల ఏమైనా చప్పుడు వినిపిస్తుందా? ఎందుకు అడుగుతున్నానని అనుకోవద్దు. ఊరికే.

ఇంకొక మాట. దొరకోసం ప్రార్థన చేయడం ఆపండి. కారణం అడగవద్దు. నాయన సమాధి గురించి కూడా జాబుల్లో రాయవద్దు. ఈసారి నుంచి నా జాబులు నేరుగా అక్క చేతికి ఇస్తే బాగుంటుందని ఉపదేశి గారికి మనవి.

తమ్ముడు,
ఏసేపు

—

తూముపల్లె పాళెం,
20 ఏప్రిల్ 1927

ఏసేపూ,

నీ జాబు చదివిన ఆదివారం ఇక్కడ ఏమి జరిగిందో నీకు తెలియాలి. నువ్వు ఆ అడవిలో కూర్చొని రెండు ముక్కలు గీకి పంపుతావు. వాటిని పట్టుకొని ఇక్కడ నలభై ఇళ్ల వాళ్లం కొట్టుకుంటున్నాము.

దొరకోసం ప్రార్థన ఆపమన్న చోట ఉపదేశి గారు ఆగి, కళ్లద్దాలు తుడుచుకొని, మళ్లీ చదివినారు. దొర నిన్ను కొట్టినాడని కొందరన్నారు. దొర చనిపోయినాడేమో, చనిపోయిన వాళ్లకోసం ప్రార్థన చేయగూడదు గదా, అందుకని ఆపమన్నాడని ఒక ముసలాయన అన్నాడు. చివరికి దొరకు నీ మీద కోపం వచ్చిందని తేల్చినారు. కాబట్టి ఆపలేదు, రెట్టింపు చేసినాము.

జాబు నా చేతికే ఇవ్వాలన్న మాటకు ఉపదేశి గారికి మనసు నొచ్చింది. నలుగురిలో చదవలేని జాబులో మంచి సంగతి ఉండదని ఆయన అన్నారు. నాకేమో తల తీసేసినట్లయింది. నీకు అక్కడ ఇంకో సంసారం ఏమైనా ఉందా? ఉంటే చెప్పు, తిట్టి ఊరుకుంటాను.

నువ్వు అడిగినవి. నీళ్లు దిగడం ఫిబ్రవరిలో మొదలైంది. మూత పగలలేదు, నంబరు కూడా చెరగలేదు. మూత చుట్టూ నేల జానెడు కుంగింది. చెవి ఆనించి విన్నాను. నలుగురూ చూస్తుండగా వయసుమళ్లిన దాన్ని నేలమీద బోర్లా పడుకొని విన్నాను. లోపల సన్నగా ఏదో కారుతున్న చప్పుడు ఉంది. అదేమిటని కృపమణి అడిగితే నా చెవిలో హోరని చెప్పినాను. అదేమిటి?

ఇప్పుడు నీళ్లు పదహారో మెట్టుకు పోయినాయి. ఉన్నవే ఇరవై మెట్లు. పునరుత్థాన పండుగ నాడు తెల్లవారక ముందే అందరం సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు పెట్టినాము. అక్కడే ఉపదేశి గారు ప్రసంగం చేసినారు. ఒక ఇంట్లో దాచిన తప్పు ఊరందరికీ చుట్టుకుంటుందని, మన బావి ఎండిపోవడానికి కూడా అలాంటిదేదో ఉందని చెప్పినారు. ఇక చూసుకో, ఎవరి ముఖం వాళ్లు తడుముకోవడం మానేసి పక్కవాళ్ల ముఖాలు చూడడం మొదలుపెట్టినారు.

వెతికి వెతికి చిన్న ఈరన్న దగ్గర ఆగినారు. ఆయన మొన్న డిసెంబరులో కిరస్తు పండుగకు బాప్తిస్మం తీసుకున్నాడు. బాప్తిస్మంలో యోహాను అని పేరు పెట్టినా ఎవరూ అలా పిలవరు. రాళ్లు కొట్టుకొనే వడ్డెవాడు మన బావిలో కడవ ముంచడం మొదలుపెట్టింది కూడా అప్పటి నుంచే. ఆ వెంటనే నీళ్లు దిగినాయి. ఇంట్లో ఇంకా పాత దేవుడిని దాచుకొని పూజ చేస్తున్నాడని, నీళ్లు అందుకే పోతున్నాయని అన్నారు. ఇల్లు వెతికినారు. సుత్తులు, ఉలులు తప్ప ఏమీ లేవు. అయినా బావిలోకి దిగవద్దన్నారు. నిన్న ఆయన మెట్ల మీద పెట్టిన కడవను తీసి గట్టు మీద పెట్టింది నేనే. అందరూ చెప్పినాక ఎవరో ఒకరు తీయాలి గదా.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "నీళ్లు పాపం చూసుకొని పోవక్కా. సందు ఉంటే పోతాయి," అన్నాడు. ఏ సందు అని నేను అడగలేదు.

అక్క,
వరమ్మ

—

గోదావరి ఒడ్డు క్యాంపు,
5 మే 1927

అక్కకు,

నాకు ఇక్కడ ఏ సంసారమూ లేదు. అందరి ముందర చదువుతారని తెలిసి కూడా ఈ మాట రాయాల్సి వచ్చింది.

పెద్దలకు నా మనవి. చిన్న ఈరన్నను బావిలోకి దిగనివ్వండి. నీళ్లు పోవడానికి ఆయన కారణం కాదు. నాకు తెలుసు. ఎలా తెలుసునని అడగవద్దు, కానీ ఖాయంగా తెలుసు. ఆయనను ఆపితే దేవుడు మెచ్చడు.

అక్కా, నువ్వు వెంటనే చేయవలసిన పని ఒకటి ఉంది. చెరువు అడుగు నుంచి మంచి బంకమన్ను తెప్పించు. గులకరాయి ఒక్కటి కూడా లేకుండా ఏరి, తొక్కి, నిమ్మకాయంత ఉండలు చేయించు. నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే పగులుతాయి. మూడు వేల ఉండలు కావాలి. చేసి పెట్టుకొని నా కబురు కోసం చూడండి. అంతవరకు అయిదో నంబరు మూతను ఎవరూ ముట్టుకోవద్దు. మూత తీస్తే పశువులు, పిల్లలు కాలు పెట్టగలరు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. మాకు ఇక్కడ ప్రతి బోరుకూ ఒక పుస్తకం ఉంది. పూడ్చిన వాడు దానిలో సంతకం పెట్టాలి. ఈ మధ్య నా వంతు వచ్చినప్పుడల్లా చేయి వణుకుతోంది.

ఏసేపు

—

తూముపల్లె పాళెం,
19 మే 1927

తమ్ముడా,

నీకు జ్వరం తలకెక్కిందని ఇక్కడ అందరికీ ఖాయమైపోయింది. నిజం చెప్పు, నోరు చేదుగా ఉందా? సాయంత్రం పూట వణుకు వస్తోందా? చేయి వణుకుతోందని నువ్వే రాసినావు. ఆ అడవి జ్వరం వచ్చిన వాళ్లు ఉన్నట్టుండి చిత్రమైన పనులు చెబుతారట. మూడు వేల మట్టి ఉండలు చేయమన్నప్పుడు ఆరాధన అని కూడా చూడకుండా ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినారు. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి ఏడ్చినాను.

నీళ్లు పంతొమ్మిదో మెట్టు దగ్గర ఉన్నాయి. అవి నీళ్లు కావు, బురద. కడవ మునగదు, చిప్పతో ఎత్తి పోసుకోవాలి. అది కూడా తెల్లవారి వచ్చిన పదిమందికే. మిగతా వాళ్లం పెద్దూరికి పోతున్నాము. ఓబులేసు రెడ్డిగారి బావి దగ్గర దూరంగా నిలబడితే ఆయన భార్య కృష్ణవేణమ్మ తీరిక చూసుకొని వచ్చి పోస్తుంది. ఆమె మంచిదే, విసుక్కోదు. కానీ వంట అయ్యి, మజ్జిగ చిలికి, పశువులకు కుడితి పెట్టినాక గదా వచ్చేది. అంతవరకు ఎండలో నిలబడాలి. నిన్న కృపమణి కళ్లు తిరిగి పడిపోయింది. మన నాయన, ఇంకో అయిదుగురు కలిసి కరువు సంవత్సరంలో మిషను వాళ్లు కూలికి ఇచ్చిన జొన్నలు తింటూ ఈ బావి తవ్వింది ఎందుకు? ఇంకెవరి ముందరా దోసిలి పట్టకూడదనే గదా. ముప్పై ఏళ్లు పట్టలేదు. ఇప్పుడు పడుతున్నాము. ఈ వేసవి దాటేసరికి బావి పూర్తిగా పోతే పాళెం ఖాళీ చేసి ఎక్కడికైనా పోవాలని మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

ఈరన్న సంగతి. నువ్వు నీకు తెలుసు అని రాసినావు. దాంతో ఆయనకు మేలు జరుగుతుందనుకున్నావేమో. నీకూ ఆయనకూ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని ఇప్పుడు ఇద్దరినీ కలిపి అంటున్నారు. నాయన చనిపోయిన వారం మీరిద్దరే బండి తోలుకొని తిరగడం చూసినవాళ్లు ఉన్నారు. సమాధికి సిమెంటు పూత పూసింది ఆయనే గదా, అందుకు తిరిగి ఉంటారని నేను సర్ది చెప్పినాను.

ఇంకొక వింత. నీ జాబు చదివిన మర్నాడు ఈరన్న ఎవరికీ చెప్పకుండా చెరువులోకి పోయి రెండు గంపల బంకమన్ను తెచ్చుకున్నాడు. ఇంటి గోడ నీడలో కూర్చొని ఉండలు చేస్తున్నాడు. రోజూ అదే పని. ఎందుకని అడిగితే, "తమ్ముడు చేయమన్నాడు గదా," అంటాడు. పిచ్చి ఒక్కరికే పట్టిందనుకున్నాను, ఇద్దరికీ పట్టింది.

నువ్వు భయపడవద్దు. దొర కోపం పోగొట్టే ఉపాయం ఉపదేశి గారు చేసినారు. ఇంగ్లీషులో ఆయనే ఒక చక్కటి జాబు రాసినారు. ఏసేపు మంచివాడని, అతని తండ్రి సమాధికి అయిదు బస్తాల సిమెంటు దానంగా ఇచ్చిన దొరగారి మేలు ఈ పాళెం ఎన్నటికీ మరువదని, అతని మీద దయ ఉంచాలని రాసి, ముప్పై ఇద్దరి చేత వేలిముద్రలు వేయించినారు. నేను మాత్రం సంతకం పెట్టినాను. తపాలాలో వేసి వారమైంది. ఇక దొర నిన్ను నెత్తిన పెట్టుకుంటాడు.

మందు తాగు. తడిబట్టలతో ఉండవద్దు.
నీ అక్క

—

గోదావరి ఒడ్డు,
8 జూన్ 1927

అక్కా,

ఇది తపాలాలో రాదు. మాతో పనిచేసే కంబన్న ముద్దనూరు వాడు, ఇంటికి పోతున్నాడు. నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకున్నాను. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

దొర సిమెంటు ఇవ్వలేదు. నేను తీసుకున్నాను.

అయిదో నంబరు బోరు పూడ్చడానికి ఆరు బస్తాలు ఇచ్చినారు. మేస్త్రీ జ్వరంతో పడుకొని పని నాకు అప్పగించినాడు. నాయన పోయి అప్పటికి నాలుగు రోజులు. ఆ రోజు పొద్దున నేను సమాధుల తోటకు పోతే నక్క తవ్విన గుర్తులు ఉన్నాయి. ఇంకా లోతుకు పోలేదు. కాళ్లతో మట్టి సర్ది వచ్చినాను. నీకు చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి ఆరు బస్తాలు బావిగట్టు మీద వరసగా ఉన్నాయి. అయిదు బండికెత్తినాను. ఈరన్నను పిలిస్తే వచ్చి పూత పూసినాడు. దొర ఇచ్చినాడని నీతో అబద్ధం చెప్పినాను.

బోరులో జొన్నచొప్ప కట్టలు కూరినాను. దాని మీద గులకరాళ్లు, మట్టి. మిగిలిన ఒక బస్తాతో మూత. మూత మాత్రం చాలా చక్కగా కుదిరింది. మేకుతో నంబరు నేనే గీసినాను. పుస్తకంలో సంతకం కూడా నేనే పెట్టినాను. ఎవరూ దున్నని చోట ఒక గుంత ఎలా పూడితే ఏమిటి అనుకున్నాను.

కానీ ఆ బోరు దింపుతున్నప్పుడు అరవై అడుగుల దగ్గర దింపే ఇనుప కడ్డీ ఉన్నట్టుండి మూరెడు కిందికి జారింది. పైనుంచి పోస్తున్న నీళ్లు అంతా మాయమైపోయినాయి. అక్కడ రాతిలో బోలు ఉందని మేస్త్రీ అన్నాడు. అందుకే దాన్ని గట్టిగా మూయాలని కూడా అన్నాడు. చొప్ప కుళ్లింది. మట్టి జారింది. మన బావి ఊట ఆ సందు గుండా ఆ బోలులోకి పోతోంది. నువ్వు చెవి ఆనించి విన్నది అదే. నీ మొదటి జాబు చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. నలుగురి ముందర చదివే జాబులో దీన్ని ఎలా రాసేది? ఉండల మాట రాసి, చప్పుడు మాట అడిగి, అటూ ఇటూ తిరిగినాను. నేను తిరుగుతున్నంతసేపు మీరు ఎండలో నిలబడినారు. ఈరన్న నా తప్పు మోసినాడు.

మీ వేలిముద్రల జాబు దొరకు అందింది. చదువుకొని నన్ను పిలిచినాడు. అరవలేదు. ఏ నంబరు అని మాత్రం అడిగినాడు. అయిదు అన్నాను. పుస్తకం తెప్పించి నా సంతకం మీద వేలు పెట్టి చూపించినాడు. నీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఈ క్యాంపులో నేను పూడ్చిన ఏడు బోర్లను మళ్లీ తీసి చూడమని మేస్త్రీకి చెప్పినాడు. అవి సరిగ్గానే ఉన్నాయక్కా, ఒక్క దానిలో కూడా తప్పు లేదు. అయినా తీసి చూస్తున్నారు, నేను పక్కన నిలబడి ఉన్నాను. అవి అయినాక పొమ్మన్నాడు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. మూత పగలగొట్టండి. పొడుగు ఇనుప కొక్కెంతో లోపలి చొప్ప, రాళ్లు తీసేయండి. బోలు కంటే పైన, యాభై అయిదు అడుగుల దగ్గర, తుమ్మ మొద్దును గుడ్డ చుట్టి బిగించాలి. అది జారకపోతే ఉండలు పదేసి చొప్పున వేస్తూ, తాడుకు కట్టిన ఇనుప గుండుతో దంచుతూ పైకి రావాలి. తొందరపడి ఒకేసారి పోస్తే మధ్యలో ఇరుక్కొని కింద ఖాళీ మిగులుతుంది. సిమెంటు లేకపోయినా పరవాలేదు, మంచి బంకమన్ను తడిసి ఉబ్బితే చాలు. ఈరన్నకు నా పేరు చెప్పి అడుగు. చేస్తాడు.

ఎవరికీ చెప్పకుండా పూడ్చినా పూడ్చవచ్చు. అది నీ ఇష్టం. నాకు ముఖం లేదు.

ఏసేపు

—

తూముపల్లె పాళెం,
30 జూన్ 1927

ఏసేపూ,

కంబన్న ఒట్టు నిలబెట్టుకున్నాడు. నీ జాబు నా చేతిలోనే పెట్టినాడు. బోర్ల తనిఖీ నెల రోజుల పైన పడుతుందని, నువ్వు ఇంకా అక్కడే ఉంటావని ఆయన చెప్పబట్టి ఇది రాస్తున్నాను.

చదివినాక రెండు రోజులు దాన్ని జొన్నల కుండలో దాచినాను. నిన్ను చంపాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే నక్క సంగతి గుర్తుకొచ్చింది. నాకు చెప్పి ఉంటే ఇద్దరం చేరి రాళ్లు పేర్చేవాళ్లం గదా. మొదట, నువ్వు చెప్పినట్లే ఎవరికీ తెలియకుండా పూడ్చేద్దామనుకున్నాను. నీ పరువు మిగులుతుంది, నీళ్లు వస్తాయి. మూడో రోజు పెద్దూరి నుంచి వస్తుంటే ఈరన్న తన గోడ నీడలో కనిపించినాడు. ఆరిన ఉండలను బుట్టల్లో లెక్కగా పేర్చి పెట్టుకున్నాడు. చేతుల నిండా పగుళ్లు. ఆయన కడవ ఖాళీగా బోర్లించి ఉంది. దాన్ని గట్టు మీద పెట్టిన చెయ్యి నాదే గదా. ఇక దాచలేకపోయినాను.

ఆదివారం ఆరాధన అయినాక నేనే లేచి జాబు చదివినాను. ఉపదేశి గారు చేయి చాపినారు, ఇవ్వలేదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా నేనే చదివినాను. బాగా ఏడ్చినాను, కానీ ఎక్కడా ఆపలేదు. చదివినాక ఈరన్న కడవ తీసింది నేనేనని, నన్ను క్షమించమని ఆయన వైపు తిరిగి చెప్పినాను.

తర్వాత ఒకాయన లేచి, ముందు ఆ సమాధి పగలగొట్టాలన్నాడు. దొంగసిమెంటు కింద మన నాయన ఏసన్న ఎందుకు పడుకోవాలన్నాడు. నలుగురైదుగురు అవునన్నారు. అప్పుడు ఈరన్న నోరు విప్పినాడు. పూత పూసిన రోజే ఆ సిమెంటు ఎక్కడిదో తనకు తెలుసట. నీళ్లు దిగడం మొదలైనప్పుడే కారణం కూడా తెలిసిందట. ఉపదేశి గారు మండిపడి, తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగినారు.

"చెప్తే సమాధి పగలగొడ్తారని చెప్పలేదు," అన్నాడు. "బాప్తిస్మం అయిన రోజు ఈ బావి మెట్లు దిగడానికి నాకు శానా భయమేసింది. పెద్దాయన నా చెయ్యి పట్టుకొని దించినాడు. ఆయన మీద పూసింది ఎట్లా పగలగొట్టేది? పగలగొట్టినా అది రాయి, మళ్లీ సిమెంటు అయితాదా? పనికొచ్చేది నా ఇంటికాడ ఉండాది. రాండి."

అంతే, లేచి నడిచినాడు. మేమంతా ఆయన వెనక నడిచినాము.

నాలుగు రోజులు పట్టింది. మూత పగలగొట్టింది ఆయనే. నీ నంబరు రెండు ముక్కలైంది. లోపలి నుంచి నల్లగా కుళ్లిన చొప్ప వచ్చింది, ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. తుమ్మ మొద్దు రెండుసార్లు జారింది, మూడోసారి నిలిచింది. ఆ తర్వాత పదేసి ఉండలు, దంచడం, మళ్లీ పది. పాళెమంతా వరుసలో నిలబడి చేతుల మీదుగా అందించినాము. నవ్విన ఆడవాళ్లు కూడా. ఉండలు చాలక కృపమణి, ఇంకా కొందరు కలిసి మరో అయిదు వందలు చేసినారు. పైన నేల చదును చేసినాము. ఇప్పుడు చూస్తే అక్కడ బోరు ఉండేదని ఎవరూ చెప్పలేరు.

మూడు రోజులు నీళ్లు కదలలేదు. మళ్లీ అందరి ముఖాలు మాడిపోయినాయి. ఇది కూడా తప్పేమో, ఏసేపు మళ్లీ అబద్ధం చెప్పినాడేమో అన్నవాళ్లు ఉన్నారు. నేను కూడా అనుకున్నాను, దాచడమెందుకు. నాలుగో రోజు పొద్దున కృపమణి పరుగెత్తుకొచ్చి పద్దెనిమిదో మెట్టు తడిగా ఉందని చెప్పింది. నిన్నటికి పదహారో మెట్టు మునిగింది. వాన ఇంకా ఒక్క చుక్క పడలేదు. మొదటి కడవ ఈరన్నను ముంచుకోమన్నారు. ఆయన ముంచుకొని ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా ఇంటికి పోయినాడు. ఆయనకు కోపం లేదని ఎవరూ అనుకోవద్దు. ఉంది. ఉండాలి కూడా.

నీ సంగతి కూడా పెద్దలు తీర్మానించినారు. సమాధిని అలాగే ఉంచుతారు. నువ్వు మాత్రం తిరిగి వచ్చినాక కిరస్తు పండుగ వరకు బావి మెట్టు దిగకూడదు. గట్టు మీద దూరంగా నిలబడి దోసిలి పట్టాలి. ఎవరైనా తోడి పోస్తే తాగాలి. ఎండలో మేము ఎంతసేపు నిలబడినామో నీకు తెలియాలన్నారు. ఇది అన్యాయమని నేను అనలేకపోయినాను.

ఎవరు పోస్తారని ఉపదేశి గారు అడిగినారు. ఒక్కరూ లేవలేదు. నేను లేవబోతే అక్కవి, నువ్వు కూడదన్నారు. చివరికి వెనక వరుసలో ఈరన్న లేచినాడు.

"నేను పోస్తా," అన్నాడు. "ఆయప్ప శానా దూరం నుంచి వస్తాండాడు. దప్పికగా ఉంటాది."

బయలుదేరు. ముద్దనూరులో రైలు దిగినాక దారిలో ఎవరి ఇంట్లోనూ నీళ్లు తాగవద్దు. తిన్నగా బావిగట్టుకు రా.

నీ అక్క,
వరమ్మ